చెక్ అవుట్ లేనివాళ్ళు

(హైదరాబాదులో హోటల్ మేనేజ్‌మెంట్ విద్యార్థులు, టీవీ రచన నేర్చుకుంటున్నవాళ్ళు కలిసి విన్న ఒక ప్రసంగం పాఠం)

అందరికీ నమస్కారం. మీలో సగం మంది హోటల్ మేనేజ్‌మెంట్ చదువుతున్నారనీ, మిగతా సగం టీవీకి రాయాలనుకుంటున్నారనీ చెప్పారు. నేను కొన్నేళ్ళు ఒక పెద్ద హోటల్ ఫ్రంట్ ఆఫీసులో పనిచేసి, తర్వాత సీరియళ్ళకి డైలాగులు రాయడానికి వచ్చినదాన్ని. అందుకే నన్ను పిలిచినట్టున్నారు. రెండు ఉద్యోగాల్లోనూ నాకు దొరకనిది నిద్ర ఒక్కటే.

ఇవాళ్టి విషయం ఖరీదైన హోటల్లో జరిగే తేలికపాటి టీవీ డ్రామా. మీకు తెలిసిన రకమే. మొహం కనిపించేంత నున్నటి నేల, ఇస్త్రీ చెదరని యూనిఫాంలో సిబ్బంది, లిఫ్ట్ తలుపు తెరుచుకోగానే డబ్బున్న మనిషి ఎవరో ఒకరు. విమర్శకులు వీటి మీద ఎక్కువ సిరా ఖర్చు పెట్టరు. టైంపాస్ అనేసి ముందుకి వెళ్ళిపోతారు. టైంపాస్ అయ్యేలా రాయడం ఎంత కష్టమో రాసేవాళ్ళకి తెలుసు. కాబట్టి ఆ మాటని నేను మెచ్చుకోలుగానే తీసుకుంటాను.

ఈ రకానికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ బ్రిటన్‌లో బీబీసీ వన్ ప్రసారం చేసిన ‘హోటల్ బాబిలోన్’. 2006 జనవరిలో మొదలై 2009 ఆగస్టులో ఆగిపోయింది. నాలుగు సీజన్లు, సీజన్‌కి ఎనిమిది చొప్పున 32 ఎపిసోడ్లు. లండన్లో ఒక ఊహాజనిత ఫైవ్ స్టార్ హోటల్. మేనేజరు రెబెక్కా, ఆమె కింద డిప్యూటీగా చేరిన చార్లీ, రిసెప్షన్లో ఆనా, బార్‌లో జీనో, హౌస్‌కీపింగ్ పెద్ద జాకీ, గెస్టులు అడిగినవన్నీ సమకూర్చిపెట్టే కాన్సియర్జ్ బల్ల దగ్గర టోనీ. వారం వారం కొత్త గెస్టులు వస్తారు, ఏదో తలనొప్పి తెస్తారు, చివరికి బిల్లు కట్టి వెళ్ళిపోతారు. కథంతా ఇంతే.

ఇంత చిన్న ఏర్పాటులో ఒక పెద్ద సౌకర్యం ఉంది. గెస్టు వెళ్ళిపోతాడు. ఈ డ్రామాలు తేలిగ్గా ఎందుకు ఉంటాయంటే నేను చెప్పే కారణం ఇదొక్కటే: చెక్ అవుట్. భార్యకి తెలియకుండా ఇంకెవరితోనో వచ్చిన మంత్రి, అప్పుల్లో మునిగిపోయిన పాప్ గాయకుడు, మొగుణ్ణి వదిలేద్దామని వచ్చి మనసు మార్చుకున్న ఆవిడ, ఎవరి బాధ ఎంతటిదైనా మధ్యాహ్నం పన్నెండుకి సూట్‌కేస్‌తోపాటు కారెక్కుతుంది. మన సీరియల్లో అలా కాదు. అత్తగారింట్లో అడుగుపెట్టిన మనిషి అక్కడే ఉంటుంది. ఆడపడుచు అక్కడే ఉంటుంది. విలన్ జైలుకి వెళ్ళినా బెయిల్ మీద అదే ఇంటికి వస్తాడు. (నవ్వులు) నేను రాసిన ఒక సీరియల్లో ఒక పిన్నిని ఇంట్లోంచి పంపెయ్యడానికి నాకు నెలలు పట్టింది. పంపించాక రేటింగ్ పడిపోయింది, మళ్ళీ తీసుకొచ్చాం. బాధ కదలకపోతే డ్రామా బరువెక్కుతుంది. రోజూ వెళ్ళిపోతుంటే తేలికపడుతుంది.

అయితే అందరూ వెళ్ళిపోరు కదా. గెస్టు వెళ్ళాక గది ఎవరో సర్దాలి. సాయంత్రం నాలుగింటికి మళ్ళీ కౌంటర్ దగ్గర నిలబడి ‘వెల్‌కమ్ సర్’ అనాలి. వాళ్ళకి చెక్ అవుట్ లేదు. హోటల్ డ్రామా రాసేవాడు ఈ మిగిలిపోయినవాళ్ళని ఏం చేశాడు అన్నదాన్ని బట్టే నేను దాని విలువ కడతాను. ఇవాళ నాలుగు ఉదాహరణలు చూద్దాం.

మొదటిది టీవీ కాదు. కానీ దీని దగ్గర మొదలుపెట్టకపోతే మిగతావి అర్థం కావు. విక్కీ బామ్ అనే ఆస్ట్రియన్ రచయిత్రి 1929లో బెర్లిన్ నేపథ్యంగా ఒక హోటల్ నవల రాసింది. రాయడానికి ముందు కొన్ని వారాలు బెర్లిన్‌లోనే ఒక హోటల్లో గదులు సర్దే పనిలో చేరింది. ఆ నవలని ఎం.జి.ఎం. వాళ్ళు 1932లో ‘గ్రాండ్ హోటల్’ పేరుతో సినిమా తీశారు. గ్రెటా గార్బో, జాన్ బారీమోర్, జోన్ క్రాఫర్డ్ లాంటి తారలంతా ఒకే కప్పు కింద ఉన్నారు. ఆ ఏడాది ఉత్తమ చిత్రం ఆస్కార్ దానికే వచ్చింది. విచిత్రం ఏమిటంటే ఇంకే విభాగంలోనూ దానికి నామినేషన్ కూడా లేదు. తర్వాత హాలీవుడ్‌లో, టీవీలో, ఎంతమంది స్టార్లనైనా ఒకే చోట పోగేసి వాళ్ళ కథల్ని జడలా అల్లే పద్ధతికి ఆ సినిమా పేరే అలవాటైపోయింది.

ఆ సినిమాలో నాకు గుర్తుండిపోయింది మాత్రం గార్బో కాదు. సెన్ఫ్ అని ఒక పోర్టర్ ఉంటాడు. సినిమా మొదట్లోనే అతని భార్య ఆసుపత్రిలో పురిటి నొప్పులు పడుతోందని తెలుస్తుంది. అతను డ్యూటీ వదిలి వెళ్ళలేడు. హోటల్లో ప్రేమలు, జూదం, దొంగతనం, హత్య, అన్నీ జరిగిపోతుంటాయి. అతను మాత్రం బల్ల వెనక తాళాలు అందిస్తూ, ఫోన్ కోసం చూస్తూ ఉంటాడు. చివర్లో కబురు వస్తుంది. అతనికి ఉన్నది కొన్ని నిమిషాల పాత్రే. ఆ కాస్త సమయంలోనే గెస్టుల ప్రపంచానికీ సిబ్బంది ప్రపంచానికీ ఎంత దూరమో తెలిసిపోతుంది. తర్వాత వచ్చిన హోటల్ కథల్లో సగం సెన్ఫ్‌ని మర్చిపోయాయి.

మర్చిపోయినవాటిలో అన్నిటికన్నా పెద్ద విజయం సాధించింది అమెరికాలో ఏబీసీ ఛానెల్లో 1983 నుంచి 1988 వరకు నడిచిన ‘హోటల్’. ఆర్థర్ హేలీ 1965 నవల దీనికి ఆధారం. నవలలో హోటల్ న్యూ ఆర్లియన్స్‌లో ఉంటుంది, టీవీలో దాన్ని శాన్‌ఫ్రాన్సిస్కోకి మార్చి సెయింట్ గ్రెగరీ అన్న పేరు మాత్రం ఉంచారు. బయటి దృశ్యాలకి అక్కడి ఫెయిర్‌మాంట్ హోటల్‌ని చూపించారు. నిర్మాత ఆరన్ స్పెల్లింగ్. అప్పటికే ‘లవ్ బోట్’ అనే సీరీస్‌తో ఈ ఫార్ములా అతని చేతికి బాగా అలవాటైంది. అక్కడ ఓడ, ఇక్కడ హోటల్. ఒకప్పుడు వెలిగి ఇప్పుడు కాస్త మసకబారిన సినిమా తారల్ని వారానికి కొందరిని అతిథులుగా పిలిచి, వాళ్ళ చుట్టూ రెండు మూడు చిన్న కథలు అల్లి, గంట పూర్తయ్యేలోపు అందరినీ నవ్వుతూనో, కన్నీళ్ళు తుడుచుకుంటూనో పంపించెయ్యడం. నిర్మాత లెక్కల్లో చూస్తే ఇది బంగారం లాంటి పద్ధతి. పెద్ద తార కొద్ది రోజులు షూటింగ్ చేస్తే చాలు. ఒక గది సెట్ వేసుకుంటే కర్టెన్లు, దుప్పటి, గోడమీద పటం మార్చి ఎన్ని గదులైనా చెయ్యొచ్చు. కారిడార్ ఒక్కటి ఉంటే పది అంతస్తులు ఉన్నట్టే. టీవీ వైపు వాళ్ళు ఇది రాసుకోండి. రేపు ఏ నిర్మాత దగ్గరికి వెళ్ళినా మొదట అడిగేది సెట్ ఖర్చే.

ఈ సీరీస్ మొదట్లోనే ఒక సంగతి జరిగింది. ఇలాంటిది రచయితలు రాస్తే ఎవరూ నమ్మరు. హోటల్ యజమానురాలి పాత్రకి మహానటి బెట్ డేవిస్‌ని తీసుకున్నారు. పైలట్ అనే మొదటి ఎపిసోడ్‌లో చేసింది. తర్వాత జబ్బుపడి తప్పుకోవాల్సివచ్చింది. ఆమె స్థానంలో యజమానురాలి బంధువు అని చెప్పి విక్టోరియా కాబట్ అనే కొత్త పాత్రని తెచ్చారు. ఆ పాత్రలో ఆన్ బాక్స్టర్. పాత సినిమాలు చూసేవాళ్ళకి ఇక్కడ నవ్వు వస్తుంది. 1950లో ‘ఆల్ అబౌట్ ఈవ్’ అనే సినిమాలో బెట్ డేవిస్ వయసు మీరుతున్న రంగస్థల తార. ఆమె పంచన చేరి, మెల్లగా ఆమె జాగాలోకి ఎక్కి కూర్చునే అమ్మాయి ఆన్ బాక్స్టర్. ముప్ఫై మూడేళ్ళ తర్వాత నిజజీవితంలో అదే జరిగింది, ఈసారి ఎవరి కుట్రా లేకుండా. ఆన్ బాక్స్టర్ 1985 డిసెంబర్లో చనిపోయేదాకా ఆ సీరీస్‌లోనే ఉంది.

మరి సిబ్బంది? జేమ్స్ బ్రోలిన్ చేసిన మేనేజరు పీటర్ మెక్‌డెర్మాట్ ఉన్నాడు, కానీ తీర్పరిలా ఉంటాడు. గెస్టులు గొడవపడితే సర్దిచెప్తాడు, సూట్ మాత్రం నలగదు. అతనికి షిఫ్ట్ ఎప్పుడు మొదలవుతుందో, ఎప్పుడు అయిపోతుందో మనకి తెలియదు. అతని కాళ్ళు నొప్పి పుట్టవు. ఆ హోటల్లో నేల ఎవరు తుడుస్తారో కెమెరాకి ఆసక్తి లేదు. దీన్ని నేను తిట్టడం లేదు, చూడ్డానికి హాయిగానే ఉంటుంది. బయటినుంచి చూసే గెస్టు కళ్ళతోనే లోపలి కథ కూడా చెప్పారు, అంతే.

దాన్ని తలకిందులు చేసింది ‘బాబిలోన్’. దానికి కారణం ఆ సీరీస్‌కి ఆధారమైన పుస్తకం. 2004లో ఇమోజెన్ ఎడ్వర్డ్స్-జోన్స్ అనే రచయిత్రి, పేరు బయటపెట్టని హోటల్ ఉద్యోగి చెప్పిన సంగతుల్ని తీసుకుని ఒక పుస్తకం రాసింది. లండన్ హోటళ్ళలో ఎన్నో ఏళ్ళలో జరిగినవాటిని కుదించి ఒకే హోటల్లో ఇరవై నాలుగు గంటల్లో జరిగినట్టు చెప్పింది. పుస్తకం బాగా అమ్ముడుపోయింది. తర్వాత ఇదే పద్ధతిలో విమానయానం మీద, ఫ్యాషన్ మీద కూడా రాసింది. కథ చెప్పేవాడు కౌంటర్ అవతల నిలబడ్డవాడు కాబట్టి టీవీలోనూ గెస్టులు హాస్యానికి సరుకయ్యారు. అసలు మనుషులు సిబ్బంది.

హోటల్ చదువుతున్నవాళ్ళు ఇది చూస్తే ‘మరీ అతి’ అంటారు. నిజమే, అతి చాలానే ఉంది. అంత అందమైన స్టాఫ్‌ని ఒకేచోట నేనెప్పుడూ చూడలేదు. (నవ్వులు) షిఫ్ట్‌లో అందరూ లాబీ మధ్యలో నిలబడి కబుర్లు చెప్పుకుంటుంటారు. మా హోటల్లో అలా నిలబడితే డ్యూటీ మేనేజరు కంటిచూపుతోనే లోపలికి పంపించేవాడు. రాత్రి అంటే ఆ సీరీస్‌లో రొమాన్స్. మాకు రాత్రి అంటే నైట్ ఆడిట్. అర్ధరాత్రి దాటాక ఆ రోజు లెక్క మూసి, గదుల బిల్లులు ఎక్కించి, రిపోర్టులు తీసేలోపు తెల్లారే ఫ్లైట్‌కి వెళ్ళేవాళ్ళు దిగి వస్తారు. ప్రేమించడానికి సమయం ఎక్కడిది.

కానీ కొన్ని చోట్ల సరిగ్గా పట్టుకుంది. ఉదాహరణకి గెస్టు ముందు ఒక మొహం, తలుపు దాటగానే ఇంకో మొహం. రిసెప్షన్ వెనక తలుపు ఉంటుంది కదా. ఆ తలుపుకి ఇవతల లైటింగ్ వేరు, మాట తీరు వేరు, ఒంటి తీరే వేరు. ఆనా అనే రిసెప్షనిస్టు ఆ తలుపు దాటే ప్రతిసారీ భుజాలు కొంచెం దిగిపోతాయి. అది నటించి నేర్చుకున్నదో, గమనించి నేర్చుకున్నదో గానీ ఖచ్చితంగా అలాగే ఉంటుంది.

ఇంకోటి కాన్సియర్జ్. టోనీ పాత్ర. గెస్టు ఏది అడిగినా ‘లేదు’ అనడు. ఎక్కడినుంచి తెస్తాడో అడగకూడదు. అసలు కాన్సియర్జ్‌లకి అంతర్జాతీయంగా ఒక సంఘం ఉంది. కోటు కాలర్ మీద రెండు బంగారు తాళంచెవులు ఒకదానిమీద ఒకటి పెట్టుకుంటారు, మీరు పెద్ద హోటళ్ళలో చూసే ఉంటారు. దాని పుట్టుక పారిస్‌లో, 1929లో. విక్కీ బామ్ నవల వచ్చిన ఏడాదే. కాన్సియర్జ్‌కి ఉన్న ఆస్తి పరిచయాలే. ఈ రెస్టారెంట్ వాడికి నేనొక సాయం చేశాను, రేపు వాడు నాకొక టేబుల్ ఇస్తాడు. ఈ ఇచ్చిపుచ్చుకోవడాల గొలుసుని టోనీ పాత్రలో బాగా చూపించారు. రచయితలకి చెప్తున్నా, హోటల్ కథలో హీరో కావాలంటే మేనేజర్ని వదిలేసి కాన్సియర్జ్‌ని పట్టుకోండి. మేనేజరుకి అధికారం ఉంటుంది కాబట్టి ఆర్డర్ వేస్తే పని అయిపోతుంది. అధికారం లేనివాడు తెలివి వాడాలి. అక్కడ కథ పుడుతుంది.

అలాగే ఓవర్‌బుకింగ్. మీకు క్లాసులో చెప్పే ఉంటారు. బుక్ చేసుకున్నవాళ్ళలో కొందరు ఎలాగూ రారు కాబట్టి ఉన్న గదుల కన్నా కొన్ని ఎక్కువ అమ్ముతారు. ఒక్కోరోజు అందరూ వచ్చేస్తారు. అప్పుడు చివర వచ్చినవాణ్ణి, ‘సర్, మీకు పక్క హోటల్లో ఇంతకన్నా మంచి గది ఏర్పాటు చేశాం’ అని నవ్వుతూ కారెక్కించాలి. మా భాషలో గెస్టుని ‘వాక్’ చెయ్యడం అంటాం. ఎవర్ని వాక్ చెయ్యాలో నిర్ణయించేది కౌంటర్‌లో ఉన్న ఇరవై మూడేళ్ళ పిల్ల. ఎవరు అరుస్తారు, ఎవరు అరవరు, ఎవరు మళ్ళీ ఎప్పటికీ రారు, ఇవన్నీ మొహం చూసి రెండు నిమిషాల్లో లెక్క కట్టాలి. దీనికన్నా టెన్షన్ ఉన్న సీన్ నాకు సీరియల్లో రాసే అవకాశం రాలేదు. మా సీరియళ్ళలో టెన్షన్ అంటే పాలల్లో విషం.

‘బాబిలోన్’లో నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి కథలో లేదు, తారాగణంలో ఉంది. రెబెక్కా పాత్ర రెండు సీజన్లతో అయిపోయింది. చార్లీ మూడో సీజన్‌తో వెళ్ళిపోయాడు. నాలుగో సీజన్‌కి యజమాని స్థానంలో సామ్ అనే కొత్తవాడు వచ్చాడు. నటులకి వేరే అవకాశాలు రావడం వల్లో, ఇంకెందుకో గానీ, పైవాళ్ళు మారుతూనే ఉన్నారు. కింద టోనీ, జీనో లాంటివాళ్ళు ఉండిపోయారు. హోటళ్ళలో జరిగేదీ ఇదే. జనరల్ మేనేజరు రెండు మూడేళ్ళకి ఇంకో ఊరికి ట్రాన్స్‌ఫర్ అవుతాడు. పాత హెడ్ వెయిటరు మాత్రం ముగ్గురు జీఎంలని చూసి, నాలుగోవాడికి పని నేర్పుతుంటాడు. చివరి ఎపిసోడ్‌లో పేలుడుతో కథని గాల్లో వదిలేశారు, ఐదో సీజన్ రాలేదు. ప్రేక్షకులకి అన్యాయమే.

దాన్ని తీసిన కార్నివాల్ ఫిల్మ్స్ అనే సంస్థే మరుసటి ఏడాది, 2010లో, ‘డౌన్‌టన్ అబ్బీ’ మొదలుపెట్టింది. అది ప్రపంచమంతా ఆడింది. పైఅంతస్తులో దొరలు, కింద వంటింట్లో పనివాళ్ళు. హోటల్లోంచి కోటలోకి మారారు, అంతే. కింద వంటింట్లో ఉన్న బట్లర్‌కీ, పనిపిల్లకీ పైనున్న దొరసానికి ఉన్నంత కథ ఇచ్చారు.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే న్యాయం కాదు. లండన్ హోటల్ గురించే 2002లో స్టీఫెన్ ఫ్రియర్స్ ఒక సినిమా తీశాడు, ‘డర్టీ ప్రెట్టీ థింగ్స్’. అందులో నైజీరియా నుంచి వచ్చిన డాక్టరు కాగితాలు లేక పగలు టాక్సీ నడుపుతాడు, రాత్రి హోటల్ రిసెప్షన్‌లో ఉంటాడు. ఆ హోటల్లో మనిషి అవయవాల వ్యాపారం జరుగుతుంటుంది. అదే ఊరు, అదే కాలం. ‘బాబిలోన్’ తలుపు కొంచెం మాత్రమే తెరిచి నవ్వించింది, ఈ సినిమా పూర్తిగా తెరిచింది. తేలికపాటి డ్రామా రాసేవాడు ఇలాంటి సినిమా కూడా చూసి ఉండాలని నా అభిప్రాయం. ఏది వదిలేస్తున్నాడో తెలిసి వదిలెయ్యాలి. మన పిల్లలు బ్రిటన్‌లో చదువుకుంటూ సెమిస్టర్ నడిచే రోజుల్లో వారానికి 20 గంటలే పనిచెయ్యొచ్చు. అందులో హోటల్ హౌస్‌కీపింగ్‌లో చేరేవాళ్ళు ఎంతమందో మీకు తెలుసు. మీ ఇళ్ళలోనే ఉండొచ్చు. ఎమ్మెస్సీ చదివే పిల్ల వీకెండ్‌లో బాత్రూంలు కడిగి, ఇంటికి ఫోన్ చేసి ‘పార్ట్‌టైం బాగుందమ్మా’ అంటుంది. ఆ పిల్ల మీద తెలుగులో తేలికపాటి డ్రామా ఎవరైనా రాస్తే నేను మొదటి ప్రేక్షకురాలిని. ఏడుపు కథ రాయనక్కర్లేదు. అక్కడ నవ్వుకునే సంగతులే ఎక్కువ ఉంటాయని ఆ పిల్లలే చెప్తారు.

ఇక నాలుగోది. దీని పేరు చెప్తే ముందు వరసలో అమ్మాయిలు మొహాలు చూసుకుంటారని తెలుసు. ‘కింగ్ ద ల్యాండ్’. (ఈలలు) చూశారా. 2023 జూన్ నుంచి ఆగస్టు వరకు కొరియాలో జేటీబీసీ ఛానెల్లో, మనకి నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. 16 ఎపిసోడ్లు. కొరియన్లకి హోటల్ డ్రామా కొత్తేమీ కాదు. 2001లోనే ‘హోటలియర్’ అని పెద్ద హిట్ తీశారు. దాని షూటింగ్ సియోల్‌లో వాకర్‌హిల్ హోటల్లో జరిగింది, జపాన్ వాళ్ళు దాన్ని మళ్ళీ తీసుకున్నారు కూడా. కానీ ‘కింగ్ ద ల్యాండ్’ గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అది పైకి కనిపించినంత ఖాళీగా లేదు.

సారంగ్ అనే అమ్మాయి రెండేళ్ళ కాలేజీ చదువుతో కింగ్ హోటల్లో ఇంటర్న్‌గా చేరుతుంది. పెద్ద డిగ్రీ లేదని అందరికీ చులకన. అక్కడినుంచి నవ్వుతూ, వొంగి నమస్కారాలు పెడుతూ పైకి వస్తుంది. హీరో గూ వన్ ఆ హోటల్ గ్రూపు వారసుడు. చిన్నప్పుడు తల్లి హఠాత్తుగా కనబడకుండా పోయింది. అప్పటినుంచి అతనికి అతికించుకున్న నవ్వు అంటే గిట్టదు. ఆ తల్లి ఒకప్పుడు అదే హోటల్లో పనిచేసిన మనిషి. అంటే నవ్వడమే ఉద్యోగమైన అమ్మాయికీ, నవ్వుని భరించలేని యజమానికీ ప్రేమ. ఈ ఒక్క వాక్యం ఎవరు రాశారో గానీ వాళ్ళకి నేను దండం పెడతాను. ఎందుకంటే హోటల్ ఉద్యోగంలో అసలైన శ్రమ ఏమిటో ఇందులో దొరికింది.

సరిగ్గా ఆరన్ స్పెల్లింగ్ తీసిన ‘హోటల్’ సీరీస్ మొదలైన 1983లోనే అమెరికాలో ఆర్లీ హోక్‌షీల్డ్ అనే సమాజ శాస్త్రవేత్త ‘ద మేనేజ్డ్ హార్ట్’ అనే పుస్తకం వేసింది. ఆమె డెల్టా విమానాల్లో పనిచేసే అమ్మాయిల్ని, అప్పులు వసూలు చేసేవాళ్ళనీ చూసింది. ఒకరికి మామూలుకన్నా మంచిగా ఉండమని జీతం, ఇంకొకరికి మామూలుకన్నా కటువుగా ఉండమని జీతం. ఇద్దరూ తమ మనసుని కంపెనీ చెప్పినట్టు తిప్పుకోవాలి, అది కూడా పనే, దానికీ అలసట ఉంటుంది అని చెప్పింది. ఆ పుస్తకం నాకు ఉద్యోగం మానేశాక దొరికింది. పన్నెండు గంటల షిఫ్ట్ తర్వాత దవడలు ఎందుకు నొప్పెట్టేవో చదివాక అర్థమైంది. ఇంటికి వెళ్ళి మా అమ్మతో రెండు ముక్కలు నవ్వుతూ మాట్లాడాలంటే విసుగొచ్చేది. ఆవిడ ‘బయటివాళ్ళకే నీ నవ్వంతా’ అని దెప్పేది. అందులో అబద్ధం లేదు.

కొరియన్ రచయిత ఈ సంగతిని ఒక్క హోటల్‌తో వదల్లేదు. సారంగ్‌కి ఇద్దరు స్నేహితురాళ్ళు, ముగ్గురూ ఒకే ఇంట్లో కలుస్తుంటారు. ఒకామె విమానంలో, ఇంకొకామె డ్యూటీ ఫ్రీ షాపులో పనిచేస్తారు. ముగ్గురిదీ నవ్వే ఉద్యోగం. షాపులో పనిచేసే డావుల్ సాయంత్రం ఇంటికి వెళ్తే అక్కడ అత్తింటివాళ్ళకి మళ్ళీ సేవ. ఇది చూసి మా పిన్ని, ‘కొరియాలో కూడా ఇంతేనా’ అంది. తెలుగు డబ్బింగ్‌లో చూస్తోంది కాబట్టి ఆవిడకి అది కొరియా అని అప్పుడప్పుడు గుర్తు చెయ్యాల్సి వచ్చేది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. ఇందులో ఒక అరబ్ యువరాజు గెస్టుగా వస్తాడు. తాగుడు, ఆడవాళ్ళ వెంట పడటం, డబ్బు విసరడం. ఆ పాత్ర వేసింది మన ఢిల్లీ కుర్రాడు అనుపమ్ త్రిపాఠీ, ‘స్క్విడ్ గేమ్’లో మీరు చూసినవాడే. అరబ్ ప్రేక్షకులకి బాగా కోపం వచ్చింది, నిర్మాతలు క్షమాపణ చెప్పుకున్నారు. ఇది హోటల్ డ్రామాకి ఉన్న పాత జబ్బు. గెస్టు ఒక ఎపిసోడ్‌కే ఉంటాడు కాబట్టి అతన్ని ఒక్క గీతలో గీసెయ్యాలనిపిస్తుంది. అరబ్బు అంటే డబ్బు, ఇటాలియన్ అంటే సరసం, భారతీయుడు అంటే బేరం. ‘బాబిలోన్’లోనూ ఈ తొందరపాటు ఉంది. నిజమైన ఫ్రంట్ ఆఫీసులో ఇలా అంచనా వేసినవాడు తొందరగా దెబ్బ తింటాడు. మాసిన చొక్కాతో వచ్చి ఖరీదైన సూట్ గది తీసుకుని వారం రోజులకి అడ్వాన్స్ కట్టిన పెద్దమనిషిని నేను చూశాను. ఖరీదైన వాచీ పెట్టుకుని బిల్లు ఎగ్గొట్టి పోయినవాణ్ణీ చూశాను.

‘కింగ్ ద ల్యాండ్’ ముగింపు తెలిసినవాళ్ళు క్షమించండి, తెలియనివాళ్ళు చెవులు మూసుకోండి. సారంగ్ కింగ్ హోటల్లో ఉద్యోగం మానేస్తుంది, తనదంటూ ఒక చిన్న హోటల్ పెట్టుకుంటుంది. పెళ్ళి కూడా అక్కడే. వారసుణ్ణి చేసుకుని పెంట్‌హౌస్‌లో కూర్చునే ముగింపు చేతిలో ఉండగా ఇలా రాశారు. చెక్ అవుట్ లేనివాళ్ళలో ఒకమ్మాయి చివరికి చెక్ అవుట్ చేసింది అనుకున్నాను నేను. మీలో ఒకరిద్దరు ‘మళ్ళీ హోటలే కదా పెట్టింది’ అనొచ్చు. అదీ నిజమే.

ఇప్పుడు మీ ప్రశ్నలు. వెనకనుంచి ఆ బాబు చెయ్యి ఎత్తాడు. తెలుగులో ఇలాంటి సీరీస్ ఎందుకు రాలేదు అంటున్నాడు.

లెక్కలు చెప్తాను. మన సీరియల్ వారానికి ఐదారు రోజులు రావాలి, ఏళ్ళ తరబడి నడవాలి. రోజూ కొత్త గెస్టుని, కొత్త నటుణ్ణి తేవడం ఖర్చు. ఉన్న నలుగురితోనే ఇంట్లో తిప్పడం చవక. రెండోది, సాయంత్రం టీవీ పెట్టే మనిషి తనకి తెలిసిన మనుషుల్ని చూద్దామని పెడుతుంది. కొత్తవాళ్ళు రోజూ వచ్చిపోతుంటే మనసు పెట్టుకోదు. ఇవి రెండూ నిజమైన అడ్డంకులే, తప్పించుకోలేం. కానీ ఓటీటీలో ఎనిమిది పది ఎపిసోడ్లు చాలు కాబట్టి ఇప్పుడు దారి ఉంది. రచయితలు హోటల్ అనగానే లాబీ ఊహించుకుంటున్నారు, అదే ఇబ్బంది. లాబీ చూపించాలంటే డబ్బు కావాలి. హైదరాబాదులో పెద్ద హోటల్ వెనక గేటు చూపించడానికి ఏం కావాలి?

ఇంకో అమ్మాయి అడుగుతోంది, అలా అయితే మొదటి సీన్ ఎక్కడ పెడతారు అని.

స్టాఫ్ గేటు దగ్గర. రాత్రి పదకొండున్నర, సెకండ్ షిఫ్ట్ దిగింది. ఆడపిల్లల కోసం డ్రాప్ క్యాబ్ ఆగి ఉంది, డ్రైవరు హారన్ కొడుతున్నాడు. సెక్యూరిటీ ఒక్కొక్కరి బ్యాగూ తెరిచి చూస్తున్నాడు, అది రోజూ జరిగేదే. లైన్‌లో ఒడిశా నుంచి వచ్చిన కిచెన్ కుర్రాడు, మణిపూర్ నుంచి వచ్చిన స్పా అమ్మాయి, వరంగల్ నుంచి వచ్చిన హౌస్‌కీపింగ్ సూపర్‌వైజరు, ఆవిడ వెనక నిన్ననే చేరిన ట్రైనీ. ట్రైనీ బ్యాగు గట్టిగా పట్టుకుంది. సూపర్‌వైజరు అది గమనించింది. ఇంకా ఇద్దరే ఉన్నారు ముందు. అమ్మాయి బ్యాగులో ఏముందో నేను చెప్పను. వచ్చే వారానికి మీరు రాసుకురండి, హోటల్ పిల్లలు ఒకరు, రచన పిల్లలు ఒకరు జతగా కూర్చుని రాయండి. సెక్యూరిటీవాణ్ణి మాత్రం విలన్ చెయ్యొద్దు, వాడికీ పన్నెండు గంటల డ్యూటీయే.